కొండపల్లి కొండమీద ఒక పూట

మనది పల్లపు సీమ. బందరులో బయలుదేరి గుడివాడ వెళ్ళినా, అవనిగడ్డ దాటి నాగాయలంక వెళ్ళినా వరిచేలు, కాలువగట్లు, తాడిచెట్లు తప్ప కంటికి ఒక గుట్ట కనబడదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమ పెద్దలకు ఎత్తునేల విలువ ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే కాబోలు, మన పిల్లలకు కొండ అంటే అంత మోజు.

విదేశాలు తిరిగి వచ్చినవారు స్పెయిన్ దేశపు కొండపల్లెల అందం గురించి చెబుతుంటారు. నిజంగా అందమైనవే. గ్రెనడా నగరానికి దక్షిణాన అల్పుహర్రా అనే కొండసీమ ఉంది. 1492లో గ్రెనడా పడిపోయిన తర్వాత ముస్లింలు ఆ కొండల్లో చాలాకాలం నిలిచారు. 1568లో తిరగబడి, ఓడి, చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయారు. అయినా నాటి నీటికాలువలు, కొండవాలున మెట్లు మెట్లుగా దిద్దిన పొలాలు, చదును మిద్దెల ఇళ్ళు నేటికీ ఉన్నాయి.

సరే, అంత దూరం పోవడం మనబోటి వాళ్ళకు అయ్యే పనా? మనకూ ఒక కొండపల్లె ఉంది, పేరే కొండపల్లి! విజయవాడకు సుమారు 20 కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది గాని, అంతవరకూ మన కృష్ణా జిల్లాదే.

కోటను 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టారు. ఆ తర్వాత గజపతులు, బహమనీలు, కృష్ణదేవరాయలు, గోల్కొండ కుతుబ్‌షాహీలు, మొగలాయీలు ఒకరి తర్వాత ఒకరు ఏలారు. 1766లో ఇంగ్లీషు జనరల్ కైలాడ్ పట్టుకున్నాడు. వాళ్ళు కొండమీద సిపాయిలకు శిక్షణ ఇచ్చే బడి పెట్టి, 1859లో ఖర్చు భారమని ఎత్తివేశారు.

పైకి వెళ్ళేవారిని ముందుగా పలకరించేది దర్గా దర్వాజా. ఇక్కడి యుద్ధంలో నేలకొరిగిన గులాబ్‌షా దర్గాను బట్టి ఆ పేరు వచ్చింది. అటువైపు జగ్గయ్యపేట దిక్కున గోల్కొండ దర్వాజా. నడుమ రాణీమహలు, గజశాల, చల్లని నీళ్ళ కోనేరు. 17వ శతాబ్ది మొదట్లో మన బందరు ఇంగ్లీషు కొఠీలో పనిచేసిన మెథ్వోల్డ్ అనే దొర ఈ కోట సంగతి రాసి పెట్టాడు. కోటగోడల లోపలే పొలాలు, పళ్ళచెట్లు, చెరువులు ఉండేవట! ఇప్పుడు అక్కడ తుప్పలు మొలిచాయి.

అయితే నా మనసును పట్టి నిలిపేది వేరే సంగతి. బీదరులో మదరసా కట్టించిన వజీరు మహమూద్ గవాన్ పేరు మనలో చదువుకున్న ప్రతివారికీ తెలుసు. ఆయన ప్రాణం పోయింది ఈ కొండపల్లి విడిదిలోనే అని ఎంతమందికి తెలుసు? ఇరాన్‌లోని గీలాన్ నుంచి వర్తకునిగా వచ్చి బహమనీ రాజ్యానికే వజీరు అయిన మనిషి. పెద్ద పెద్ద సుబాలను రెండేసిగా విడగొట్టి, ఒక్కొక్క సుబేదారు చేతిలో ఒక్క కోట మాత్రమే ఉంచడంతో అమీర్లకు కన్నుకుట్టింది. ఆయన ముద్ర దాచే నౌకరును లోబరచుకొని, ఒట్టి కాగితం మీద ముద్ర వేయించి, దానిపై ఒరిస్సా రాజుకు దొంగ ఉత్తరం రాశారు. సుల్తాను ముందు గవాన్, ముద్ర నాదే, రాత నాది కాదు, అన్నాడట. తాగిన మైకంలో ఉన్న మూడవ మహమ్మద్‌షా వినలేదు. 1481 ఏప్రిల్ 5న తల తీయించాడు. అప్పటికి గవాన్ డెబ్బై దాటిన ముసలివాడు.

తరువాత ఖజానా వెదికితే ఏముంది? సర్కారు సొమ్ము ఒకవైపు, పేదలకు పంచే సొమ్ము వేరొకవైపు లెక్కగా ఉన్నాయనీ, తన స్వంతానికి దాచుకున్నది లేదనీ చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. (సంఘం లెక్కలు చూసే మా మిత్రులకు ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించాను!) సుల్తాను సంగతి తెలిసి కుమిలిపోయాడంటారు. ఏడాది తిరగకుండానే, 1482 మార్చిలో, తానూ పోయాడు. గవాన్ సమాధి బీదరు దగ్గర ఉంది. కొండపల్లిలో నాకు తెలిసినంతలో ఒక పలకైనా లేదు.

కొండ దిగితే బొమ్మల వీధి. ఆర్యక్షత్రియ కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న పని. ఈ అడవుల్లో దొరికే తెల్లపొణికి కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి, కాళ్ళు, చేతులు, తల వేరు వేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సున్నం పూసి, ఆపైన రంగులు. ఇప్పుడు పొణికి కర్రకే కరువొచ్చింది. చెట్టు కరువైతే ఆ వీధిలో బొమ్మలు ఏమౌతాయో!

వెళ్ళేవారు ఎండలు ముదరకముందే వెళ్ళండి. ఘాట్ రోడ్డు ఉంది గనుక పెద్దవాళ్ళకూ ఇబ్బంది లేదు. మంచినీళ్ళు మాత్రం వెంట ఉంచుకోండి. మేము వెళ్ళినప్పుడు మా మనవడు అంబారీ ఏనుగు కావాలని వీధిలోనే చతికిలబడ్డాడు. కొనక తప్పలేదు. రంజాన్ నెలలో ఎవరి చెయ్యి తగిలిందో, దాని తొండం ఊడింది. మా బేగం చింతగింజలు వేయించి, నూరి, తనే అతికించింది. అల్మరాలో ఉంది, మీరొస్తే చూపిస్తాను.