చీకటి దారికి రెండు ప్రమాణాలు: యూరప్, అమెరికా హెడ్‌లైట్ల చరిత్ర

రాత్రిపూట ఎదురుగా వచ్చే లారీ వెలుతురు కళ్ళలో పడి, క్షణకాలం రోడ్డే కనిపించకుండా పోయిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. పూర్వం మన బస్సుల, లారీల హెడ్‌లైట్లకు పైభాగంలో నల్లరంగు పూసింది ఈ బాధ తగ్గించడానికే. తనకు దారి కనిపించాలి, ఎదుటివారి కళ్ళు చెదరకూడదు. ఈ రెండు అవసరాలూ ఒకదానికొకటి విరుద్ధమైనవి. ఒకదాన్ని పెంచితే రెండవది తగ్గుతుంది. 20వ శతాబ్దంలో యూరప్, అమెరికా ఈ చిక్కును వేర్వేరుగా విప్పుకున్నాయి. ఒక సాంకేతిక ప్రమాణం ఎలా పుడుతుందో, పుట్టిన తరువాత సమాజాన్ని ఎలా కట్టిపడేస్తుందో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

తొలి కార్లకు ఎసిటిలీన్ దీపాలు ఉండేవి. తరువాత విద్యుత్ దీపాలు వచ్చాయి. అయితే 1930ల నాటి విద్యుత్ హెడ్‌లైటులో పెద్ద లోపం ఒకటి ఉండేది. దాని రిఫ్లెక్టరుకు వెండిపూత పూసేవారు. అంచుల సందుల్లోంచి దుమ్ము, తేమ లోపలికి చేరి ఆ పూత నల్లబడేది. కొన్నప్పుడు బాగా వెలిగిన దీపం కొన్నేళ్ళకే మసకబారేది. పైగా అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నిబంధన ఉండేది.

దీనికి అమెరికా కనుగొన్న పరిష్కారం 'సీల్డ్ బీమ్'. ఇందులో ముందు అద్దం, వెనుక రిఫ్లెక్టర్, మధ్యలో ఫిలమెంట్ అన్నీ కలిపి ఒకే గాజు బుడ్డిగా మూసివేస్తారు. లోపలికి గాలి వెళ్ళదు కాబట్టి రిఫ్లెక్టర్ చెడదు. ఫిలమెంట్ కాలిపోతే దీపం మొత్తాన్ని మార్చాలి. అలా మార్చిన ప్రతిసారీ డ్రైవరుకు కొత్త అద్దం, కొత్త రిఫ్లెక్టర్ కూడా దొరుకుతాయి. 1940 నుంచి కొత్త కార్లకు 7 అంగుళాల గుండ్రటి దీపాలు రెండు ఉండాలన్నది దేశమంతటా ప్రమాణమైంది. కారు ఏ కంపెనీదైనా దీపం ఒక్కటే. ఏ ఊరి పెట్రోలు బంకులో అడిగినా దొరికేది. పేదవాడి పాత కారుకూ ధనికుడి కొత్త కారుకూ ఒకే నాణ్యత గల వెలుతురు లభించింది. తరువాతి కాలంలో ఈ ప్రమాణాన్ని ఎగతాళి చేసినవారు చాలామంది ఉన్నారు. కానీ 1940 నాటి పరిస్థితుల్లో అది సరైన నిర్ణయమే.

యూరప్ వేరే దారి పట్టింది. అక్కడ దీపం, బల్బు విడివిడిగానే ఉండేవి. రెండు ఫిలమెంట్లున్న బల్బులో లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు కవచం అమర్చి, పైకి పోయే వెలుతురును కోసివేశారు. 1950ల మధ్య నుంచి ఆ కోత గీతను ఒకవైపు మాత్రమే కాస్త పైకి లేపే పద్ధతి వచ్చింది. ఎదుటి వాహనం వచ్చే వైపు గీత అడ్డంగా, కిందికి ఉంటుంది. తన వైపు రోడ్డు అంచున మాత్రం ఏటవాలుగా లేస్తుంది. మన దేశ ప్రమాణాలు యూరప్ మార్గాన్నే అనుసరిస్తాయి. రాత్రి ఒక కారును గోడ ఎదుట ఆపి లో బీమ్ వేసి చూడండి. మనం ఎడమవైపు నడుపుతాం కనుక వెలుతురు గీత ఎడమవైపు పైకి లేచి కనిపిస్తుంది.

అమెరికన్ లో బీమ్‌కు ఇంత పదునైన గీత లేదు. వెలుతురు కొంత పైకి కూడా చిమ్ముతుంది. దానివల్ల రహదారిపై ఎత్తుగా కట్టిన బోర్డులు కనిపిస్తాయి. ఎదుటివారికి మాత్రం ఇబ్బంది ఎక్కువ. యూరప్ దీపం ఎదుటివారిని కాపాడుతుంది కానీ గీతకు పైన ఉన్నదంతా చీకటే. దాన్ని బిగించిన కోణం కొంచెం తప్పినా మేలు కీడవుతుంది. కాబట్టి 'ఏది గొప్ప?' అనే ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్పడం కుదరదు.

అసలు తేడా కాలం గడిచేకొద్దీ బయటపడింది. 1962లో యూరప్ తయారీదారులు హాలోజన్ బల్బును హెడ్‌లైటులోకి తెచ్చారు. ఇందులో ఫిలమెంట్ నుంచి ఆవిరైన టంగ్‌స్టన్ తిరిగి ఫిలమెంటు మీదికే చేరుతుంది. గాజు నల్లబడదు, వెలుతురు పెరుగుతుంది. అమెరికాలో హాలోజన్ హెడ్‌లైటుకు అనుమతి రావడానికి 1970ల చివరి దాకా ఆగవలసి వచ్చింది. 1967లో సిట్రోయెన్ డీఎస్ కారుకు స్టీరింగుతో పాటు తిరిగే దీపాలు అమర్చారు. మలుపులో ముందున్న దారిని అవి చూపేవి. అమెరికాకు పంపిన కార్లలో ఆ సౌకర్యాన్ని తీసివేశారు. జాగ్వార్ ఈ-టైప్ కారు దీపాల మీది గాజు మూతలు కూడా అమెరికా నిబంధనల వల్లే పోయాయి. చెడిపోకుండా ఉండేందుకు చేసిన ప్రమాణం మెరుగుపడకుండా ఉండేందుకు కారణమైందన్నమాట.

1973 చమురు సంక్షోభం తరువాత ఇంధనం పొదుపు చేయాలంటే కారు ముందుభాగం గాలికి అనువుగా ఉండాలన్న ఆలోచన బలపడింది. ఫోర్డ్ కంపెనీ వినతిపై 1983లో నిబంధన సడలింది. 1984 నమూనా లింకన్ మార్క్ 7 కారుకు బల్బు మార్చుకోగల ప్లాస్టిక్ దీపాలు వచ్చాయి. ఇక్కడొక విచిత్రం ఉంది. ఎండకు ప్లాస్టిక్ పసుపెక్కి, కొన్నేళ్ళకు దీపం మసకబారసాగింది. 1940లో పరిష్కరించిన సమస్యే మరో రూపంలో తిరిగి వచ్చింది!

అనుమతి పద్ధతిలోనూ భేదముంది. యూరప్‌లో దీపాన్ని ముందుగా ప్రభుత్వ ఆమోదం కోసం పరీక్షిస్తారు. అమెరికాలో తయారీదారే తన దీపం నిబంధనకు లోబడి ఉందని ధ్రువీకరిస్తాడు. నిబంధనకు లోబడినంత మాత్రాన దారి బాగా కనిపిస్తుందని కాదు. 2016లో అమెరికన్ బీమా సంస్థల రహదారి భద్రతా సంస్థ 31 మధ్యశ్రేణి కార్లను రాత్రివేళ నడిపి పరీక్షించింది. 'మంచిది' అనే శ్రేణి సాధించింది ఒక్కటే.

ఈ మధ్యలో యూరప్ మరో అడుగు వేసింది. ఎదుటి వాహనం ఉన్నంత మేర మాత్రమే వెలుతురును ఆర్పి, మిగతా రోడ్డుపై హై బీమ్‌ను అలాగే ఉంచే దీపాలు వచ్చాయి. వ్యాసం మొదట్లో చెప్పుకొన్న విరుద్ధ అవసరాలు రెండూ ఒకే దీపంలో కలుస్తాయి. 2013 నుంచి ఆడీ ఏ8లో ఇటువంటి ఎల్ఈడీ దీపాలున్నా, అమెరికాలో అమ్మిన కార్లలో ఆ విద్య పనిచేయకుండా చేశారు. లో బీమ్, హై బీమ్ అనే రెండే తప్ప మూడోదాన్ని అక్కడి నిబంధన గుర్తించకపోవడమే దీనికి కారణం. టొయోటా 2013లోనే మార్పు కోరింది. అనుమతి 2022 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పుడు కూడా అమెరికా యూరప్ పరీక్షలను స్వీకరించక, తన సొంత పరీక్షలను నిర్ణయించింది. అందువల్ల యూరప్‌లో ఆమోదం పొందిన దీపాన్ని ఉన్నదున్నట్లుగా అమెరికన్ కారుకు బిగించే వీలు లేకపోయింది.