హాల్‌స్టెడ్ వీధి చెప్పిన అమెరికా

షికాగో చూడ్డానికి మనవాళ్ళెవరైనా వస్తే మిలీనియం పార్కూ నేవీ పియరూ తిప్పి, అరోరా బాలాజీ గుళ్ళో దర్శనం చేయించి పంపేస్తాం. హాల్‌స్టెడ్ వీధికి ఎవరూ తీసుకెళ్ళరు. స్వలింగ ప్రేమికులు ఎక్కువగా ఉండే పేట అది. 1980ల్లో ఆ వీధి పడిన బాధేమిటో నాకు తెలిసింది రెబెకా మకాయ్ రాసిన ‘ది గ్రేట్ బిలీవర్స్’ నవల వల్లే. 2018లో వచ్చింది, పులిట్జర్ తుది జాబితా దాకా వెళ్ళింది.

కథ 1985లో మొదలవుతుంది. నికో అనే కుర్రాడు ఎయిడ్స్‌తో పోయాడు. ఊరికి ఉత్తరాన చర్చిలో కన్నవాళ్ళు అంత్యక్రియలు జరిపిస్తున్నారు. సరిగ్గా అదే వేళకి నగరంలో ఒకాయన ఇంట్లో నికో స్నేహితులంతా గ్లాసులు పట్టుకుని చేరారు. చర్చికి వాళ్ళు పనికిరారు మరి. నికో చెల్లెలు ఫియోనా అమ్మానాన్నల పక్కన కాకుండా ఇక్కడికొచ్చి నిలబడింది. తలకొరివి ఎవరు పెట్టాలన్న దగ్గర కుటుంబాలు చీలిపోవడం చూసినవాళ్ళకి ఈ సన్నివేశం విడమర్చి చెప్పక్కర్లేదు. పైగా అప్పట్లో ఇక్కడ చట్టం కూడా రక్తసంబంధం వైపే ఉండేది. ముందే కాగితాలు రాయించుకోకపోతే, ఏళ్ళ తరబడి కలిసి బతికిన మనిషి కూడా ఆసుపత్రిలో పరాయివాడే అయ్యేవాడు.

చరిత్ర పుస్తకాలు తేదీలు చెబుతాయి. లాస్ ఏంజిలస్‌లో అయిదుగురు యువకులకి అరుదైన న్యుమోనియా వచ్చిందని ప్రభుత్వ వైద్య నివేదిక ప్రకటించింది 1981 జూన్ 5న. అధ్యక్షుడు రీగన్ ఈ జబ్బు మీద పూర్తి ప్రసంగం చేసింది 1987 మే 31న. అప్పటికి 20 వేలమందికి పైగా చనిపోయారు. ఆ ఏడాదే వచ్చిన మొదటి మందు ఏజెడ్‌టీకి సంవత్సరానికి దాదాపు 10 వేల డాలర్లు. ఇక్కడ ఆరోగ్య బీమా చాలామందికి ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. నవల్లో నికో స్నేహితులు రక్త పరీక్ష చేయించుకోవాలా వద్దా అని తెగ వాదించుకుంటారు. పేరు బయటపడితే కొలువు పోతుంది, కొలువుతో వైద్యమూ పోతుంది. పౌరసత్వం కోసం నేను బట్టీపట్టిన వంద ప్రశ్నల్లో ఈ అమెరికా లేదు.

నవల్లో 2015 నాటి పారిస్ అధ్యాయాలు మాత్రం నాకు సాగదీసినట్టే అనిపించాయి. షికాగో అధ్యాయాలు చదువుతుంటే పుస్తకం మూయబుద్ధి కాదు. వాటి వెనక నిజ చరిత్ర ఉంది. 1990 ఏప్రిల్‌లో ఈ నగరంలో పెద్ద ప్రదర్శన జరిగింది. కుక్ కౌంటీ ఆసుపత్రి ఎయిడ్స్ వార్డులో ఆడవాళ్ళని చేర్చుకోవడం లేదని, మహిళలు నడివీధిలో పరుపులు పరిచి వాటి మీద పడుకున్నారు. పోలీసులు వాళ్ళని ఈడ్చుకెళ్ళారు. ఆ తర్వాతే ఆ వార్డు తలుపులు ఆడవాళ్ళకి తెరుచుకున్నాయి.

ఈ చరిత్రతో మనకేం సంబంధం అనుకోకండి. 1987 తర్వాత, 2010కి ముందు గ్రీన్‌కార్డు తీసుకున్న మన పెద్దవాళ్ళందరూ అందుకోసం చేసే వైద్య పరీక్షలో హెచ్ఐవీకి కూడా రక్తమిచ్చినవాళ్ళే. 1987 నుంచి ఆ వైరస్ ఉన్న విదేశీయులకి ఈ దేశం తలుపులు మూసింది. ప్రత్యేక మినహాయింపు దొరికిన కొద్దిమంది తప్ప ఎవరూ రాలేకపోయారు. నిరసనగా అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభలు కూడా 1990 తర్వాత అమెరికా గడప తొక్కలేదు. నిషేధాన్ని 2010 జనవరిలో ఎత్తేశారు. మహాసభ మళ్ళీ ఇక్కడ జరిగింది 2012లో, వాషింగ్టన్‌లో.