అంచె నుండి పందెము దాకా

యాదగిరిగుట్టపై సుప్రభాతము మొదలగు వేళకు కొండ చుట్టునున్న బాటమీద రెండు తీరుల పాదములు కానవచ్చును. స్వాతీ నక్షత్రమునాడు గిరిప్రదక్షిణమునకు వచ్చిన భక్తులవి మొదటివి. చెప్పులు విడిచి, చేతిసంచిలో కొబ్బరికాయతో, నరసింహనామము పలుకుచు, తొందర యన్నమాట యెరుగక సాగిపోవును. రెండవవి చుట్టుపట్ల పల్లెల పోరగాండ్రవి. చెమటతో వీపునకంటిన బనియనుతో, నోరు తెఱచి ఊపిరి పీల్చుచు, భక్తులను తప్పించుకొని బాట అంచున దూసుకొనిపోవును. గ్రంథములలో దీనిని ధావనమందురు, కోస్తావారు పరుగందురు. మా నల్లగొండవారు మాత్రము ఉరుకుట యందురు. ఈ ఉరుకుట యనునది మన సీమలో ఎప్పుడు మొదలై, ఎవరికొరకు సాగి, ఏ రూపములు దాల్చి నేటికి పందెమైనదో విచారింపవలెనని నాకు చాలకాలముగా కోరిక. రాజుల దండయాత్రలను గూర్చి చరిత్రకారులు పుటలకు పుటలు వ్రాసిరి గాని, ఆ దండయాత్రల వార్తను మోసిన కాళ్లను గూర్చి వ్రాసినది బహుస్వల్పము.

మన కథకు ముందు పరదేశపు పందెమును చూతము. దినముల తరబడి సాగు దూరపు పరుగుపందెములు నేడు యూరోపు ఖండమున విశేషముగా నెలకొనియున్నవి. ఫ్రాన్సు దేశపు వాయవ్యమూలనున్న రోస్కాఫ్ రేవునుండి దేశమంతయు అడ్డముగా దాటి మధ్యధరా తీరమునగల గ్రూయిసాన్ వరకు, మజిలీ మజిలీకి రాత్రి నిలిచి మరునాడు మరల ఉరుకు పందెమొకటి కలదు. వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఏథెన్సు నుండి స్పార్టా వరకు జరుగు స్పార్టథ్లాన్. దూరము 246 కిలోమీటర్లు. గడువు 36 గంటలు. మన లెక్కలో చెప్పవలెనన్న, హైదరాబాదున బయలుదేరి బెజవాడ బాటన నందిగామ దాటి పోవునంత దూరము. దారి చాలసేపు సముద్రపుటొడ్డుననే సాగి, 1893లో తెఱచిన కొరింథు కాలువపై వంతెన దాటి, ఆ పిమ్మట కొండలకెక్కును. 1982లో బ్రిటిషు వైమానికదళాధికారి జాన్ ఫోడెన్ తన సహచరులతో ఈ దూరమును పరీక్షార్థము ఉరికి చూచెను. మరుసటి యేడు పందెము వెలసెను. ఆ తొలి పందెమును గెలిచిన యానిస్ కూరోస్ అను గ్రీకువాడు 1984లో 20 గంటల 25 నిమిషములలో గమ్యము చేరి నెలకొల్పిన రికార్డు 2023 వరకు చెక్కుచెదరకుండెను.

అయితే ఫోడెన్‌ను పురికొల్పినది పందెపు కథ కాదు, కొలువు కథ. పారసీకులు మారథాన్ తీరమున దిగినప్పుడు సాయము కోరుటకై ఏథెన్సువారు ఫిడిప్పిడెస్ అనువానిని స్పార్టాకు పంపగా, అతడు మరునాటికే అక్కడికి చేరెనని హెరొడోటస్ వ్రాసియున్నాడు. ఆ ఫిడిప్పిడెస్ మల్లుడు కాడు, వీరుడు కాడు; దినమంతయు ఉరుకుట వృత్తిగాగల వార్తాహరుడు. గ్రీకు భాషలో ఆ వృత్తికి పేరే వేరుగ కలదు. లోకమంతయు పందెముగా కొలుచుచున్న ఈ పరుగు పుట్టినది జీతగాని కాళ్లలోననుట నాకెంతయు ఆలోచింపదగినదిగా తోచును. ఏలయన మన కథయు అట్లే మొదలైనది.

కౌటిల్యుని అర్థశాస్త్రమున భృత్యుల జీతముల పట్టికలో దూతకును ఒక పద్దు గలదు. మధ్యముడైన దూతకు యోజనమునకు పది పణములు. పది యోజనములు మించినచో నూఱు యోజనముల వరకు రెట్టింపు. దూరము పెరిగినకొలది కూలి ద్విగుణమగుట చూడగా, ఆ లెక్క వ్రాసినవానికి పదవ యోజనము తరువాత కాలి పిక్కలు ఎట్లుండునో తెలిసియుండెనని నాకు నమ్మకము.

ఢిల్లీ సుల్తానుల కాలమునకు ఒంటరి దూత స్థానమున అంచెల వరుస యేర్పడినది. పదునాలుగవ శతాబ్దిలో వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ ఏర్పాటును చూచి విస్తుపోయి సవిస్తరముగా వర్ణించెను. మైలులో మూడవ వంతునకొక మజిలీ; దానికతడు చెప్పిన పేరు ‘దావ’. మన ధావనమునకు చుట్టమే యని సంస్కృతము తెలిసినవారు ఇట్టే పోల్చుకొందురు. ఉరుకువాని ఒక చేత జాబు. మరొక చేత రెండు మూరల కఱ్ఱ, దాని కొసను రాగి గజ్జెలు. ఆ గజ్జెల చప్పుడు దూరమున వినబడగనే ముందరి మజిలీవాడు నడుము బిగించి సిద్ధముగా నిలుచును. గుఱ్ఱపుటంచె కంటె ఈ కాలియంచెయే వేగమైనదనియు, సుల్తాను దౌలతాబాదున నున్నప్పుడు గంగాజలము సైతము ఈ కాళ్లమీదనే వచ్చెడిదనియు అతని సాక్ష్యము.

ఈ అంచె తెగినచో రాజ్యములు ఎట్లు తలక్రిందులగునో ఓరుగల్లు చరిత్రయే చెప్పును. ఢిల్లీ సుల్తాను కుమారుడు ఉలుఘ్ ఖాను తొలిసారి ఓరుగల్లును ముట్టడించినపుడు ఢిల్లీనుండి వచ్చు వార్త నెలకు మించి ఆగిపోగా, సుల్తాను గతించెనను వదంతి శిబిరమున పుట్టి, సేన చెదరి, ముట్టడి విఫలమయ్యెనని చరిత్రకారుడు బరనీ వ్రాసెను. 1323లో మరల వచ్చినపుడు గాని కోట లొంగలేదు. ప్రతాపరుద్రుని శౌర్యమును గూర్చి మనము చెప్పుకొనునది సరియే. కాని దారిలో ఎక్కడనో గజ్జెలు మ్రోగకపోవుట కూడ ఆ కోటకు మరికొంత కాలము ఆయువు పోసినది.

గోలకొండ కుతుబ్‌షాహీల కాలమున హైదరాబాదునుండి బందరు రేవునకు పోవు బాట నల్లగొండ సీమగుండనే సాగెను. వజ్రవ్యాపారి టావెర్నియే ఈ దేశమంతటి జాబుమోతలను గూర్చి వ్రాసిన ముచ్చట యొకటి నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. రెండేసి లీగులకొక గుడిసె. అందు ఇద్దరు ముగ్గురు ఉరుకువారు. వచ్చినవాడు జాబును చేతికియ్యడు, చేతికిచ్చుట అపశకునము. గుడిసె వాకిట పారవైచును. రెండవవాడు వంగి దానినెత్తుకొని అటనుండి అటే ఉరుకును. చెట్లు లేని దారుల వెంబడి అయిదువందల అడుగులకొక రాతిగుర్తు పెట్టి, దానికి సున్నము కొట్టు బాధ్యత దగ్గరి పల్లెవారిదట. వానకాలపు చీకటి రాత్రులలో ఉరుకువాడు దారి తప్పకుండ ఆ తెల్లని రాళ్లే దీపములు. ఇప్పటి పందెములలో రాత్రిదారికి మెఱయు పట్టీలు కట్టుదురు. తెలివి క్రొత్తది కాదు, సున్నమే మారినది.

అంచె యను మాటను గూర్చి ఇక్కడ ఒకటి చెప్పవలెను. కన్నడిగులకు నేటికిని అంచె యనగా తపాలాయే, తమిళులకు అంజల్. మనము తపాలా, టపా అను మాటలను తెచ్చుకొని ఆ పాతమాటను దింపివైచితిమి గాని, ‘అంచెలంచెలుగా’ పైకి వచ్చెనని ఎవనినైన మెచ్చుకొనునప్పుడెల్ల, తెలియకుండనే, గుడిసెనుండి గుడిసెకు ఉరికిన ఆ హర్కారానే తలచుచున్నాము.

నిజాము సర్కారు 1869లో సొంత తపాలా బిళ్ల వేసినది. ఆ సర్కారు తపాలాశాఖ 1950లో భారత తపాలాలో కలసిపోవువరకు సాగినది. ఈ నడుమ 1886లో సికింద్రాబాదునుండి భువనగిరి మీదుగా ఓరంగల్లునకు ఇనుపదారి పడినది. గుట్ట క్రిందనున్న రాయగిరి మీదుగా పొగబండి పోవుట మొదలైన పిమ్మట దూరపు అంచెకు కాలము చెల్లినది. పట్టాలకెడమైన పల్లెలకు మాత్రము బల్లెమునకు గజ్జెలు కట్టిన రన్నరు చాలకాలము ఉరికెను. 1937లో ఆంగ్లప్రభుత్వము వేసిన తపాలా బిళ్లల వరుసలో రెండణాల బిళ్లపై ఈ రన్నరు బొమ్మయే కలదు. విమానపు బొమ్మ వేసినది పండ్రెండణాలు. వెల కట్టుటలో సర్కారు ఎన్నడును పొరపడదు.

ఇంతవరకు చెప్పినది జీతము గల పరుగు. జీతము లేని పరుగొకటి మా జిల్లా ఎముకలలో ఇంకను నొప్పి పెట్టుచున్నది. దొర సవారీ కచ్చరము గడి వెడలినచో, బలిసిన కోడెలు దౌడు తీయుచుండ, బండికి ముందు దారి తొలగించుటకు కొందఱును, వెనుక కాపుగా కొందఱును వెట్టివారు ఉరుకవలసియుండెను. ఎద్దులకు దాణా కలదు. ఉరుకువానికి కూలి లేదు. సర్కారు అధికారి దిగినచో అతని మూటలును, చీటీలును ఊరినుండి ఊరికి మోయుటయు వెట్టిలోనిదే. ఇందు ఊరివారు వంతులు వేసికొనెడివారు. పొలమున నాటు పడుచున్నను, ఇంట బాలింత యున్నను వంతు తప్పదు. స్పార్టా దూరములను గూర్చి మెచ్చుకోలుగా చదువునప్పుడు, మజిలీ తెలియని, గడువు తెలియని, దొర ఎక్కడ దిగునో తెలియని ఆ పరుగు దూరమును ఎవరు కొలిచిరని నాకు తోచుచుండును. బండి చక్రముల దుమ్ము మొగమున పడుచుండ వెనుక ఉరుకువానికి దప్పిక వేసినచో అడుగుటకు నోరు లేదు. ‘నీ బాంచెన్’ అను మాటకే ఆ నోరు తెఱచుకొనెడిది.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన పిమ్మట ఆ కాళ్లే దిక్కు మార్చుకొనినవి. కడవెండి గల జనగామ తాలూకా నాడు నల్లగొండ జిల్లాలోనిదే. సాయుధపోరాటమున దళమునుండి దళమునకు చీటీలు మోసిన కొరియర్లు రాత్రులందు గట్లవెంబడి, వాగులవెంబడి ఉరికిరి. చీటీ పట్టువడినచో ప్రాణము దక్కదు. గజ్జెలు కట్టని అంచె యది.

ఆ పోరాటము చల్లారకముందే, 1951 మార్చిలో సేవాగ్రామమున బయలుదేరిన వినోబా భావే సుమారు 300 మైళ్లు నడచి హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లి సర్వోదయ సమావేశమునకు వచ్చి, అటనుండి మా జిల్లాలోకి సాగెను. ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమి లేని హరిజనులు ఎనుబది యెకరములడుగగా వెదిరె రామచంద్రారెడ్డి నూఱెకరములిత్తునని లేచి నిలిచెను. పిదప వచ్చిన రాజకీయ పాదయాత్రలు, 2003లో చేవెళ్లనుండి ఇచ్ఛాపురమువరకు రాజశేఖరరెడ్డి నడచినది మొదలుకొని, ఎన్నియో. అవి నడకలు గాని ఉరుకుటలు గావు, కనుక వానిని విడిచెదను.

పందెము మనకు ఆలస్యముగ వచ్చినది. ఇంగ్లండు, అమెరికాలలో 1870ల నుండియే ఆరు దినముల పందెములు జనమును వెఱ్ఱెత్తించినవి; ఆదివారము ఆట కూడదు కనుక ఆరే దినములు. 1928లో లాస్ ఏంజిలిస్ నుండి న్యూయార్కు వరకు జరిగిన పందెమున 199 మంది బయలుదేరగా 55 మందియే గమ్యము చేరిరి. 84 దినముల పందెమును గెలిచినవాడు ఆండీ పేన్ అను ఓక్లహామా రైతుబిడ్డ. మన దేశమునుండి 1920లో ఆంట్వెర్ప్ ఒలింపిక్సు మారథానున ఉరికిన ఫడెప్ప చౌగులే బెళగావివాడు. 2 గంటల 50 నిమిషముల చిల్లరలో ముగించి పందొమ్మిదవవాడయ్యెను. తెలుగు గడ్డపై హైదరాబాదు రన్నర్స్ సంఘము 2007లో ఏర్పడినది. హైదరాబాదు మారథాను 2011లో మొదలైనది. ఆగస్టు వానలలో హుస్సేనుసాగరపుటొడ్డున మొదలై వంతెనలెక్కి దిగి గచ్చిబౌలి చేరు ఆ 42 కిలోమీటర్లను పట్టణపు ఉద్యోగులు తమ డబ్బు తాము కట్టి ఉరుకుదురు. వెట్టి యెరిగిన ముదుసలి యెవరైన ఈ మాట వినినచో, డబ్బు కట్టి ఉరుకుటయా యని బుగ్గన వ్రేలు వేసికొనును.

మా గుట్ట బాటపై ఉరుకు పోరగాండ్రది మాత్రము ఆ పరుగు కాదు. వారు ఉరుకునది పోలీసు కానిస్టేబులు కొలువునకు. 2022 నాటి నియామకములలో పురుషులకు పెట్టిన గడువు 1600 మీటర్లకు 7 నిమిషముల 15 సెకనులు. స్త్రీలకు 800 మీటర్లు, 5 నిమిషముల 20 సెకనులు. ఇందు నెగ్గినవారికి గాని తరువాతి పరీక్షకు పిలుపు లేదు. కౌటిల్యుని పద్దు తిరిగి తెఱచినట్లున్నది; పణములే మారినవి.

మొన్నటి స్వాతినాడు ప్రదక్షిణముగ నడచుచున్న నన్ను ఒక పిల్లవాడు ఆపి, తన ఫోను నా చేతిలో పెట్టి, బొత్తాము నొక్కుమని చెప్పి ఉరికెను. కాళ్లకు తెగిన పట్టీని పురికొసతో కట్టిన బూట్లు. మలుపున మఱుగై, చాలసేపటికి ఆవలివైపున తేలి, భక్తుల గుంపును చీల్చుకొని వచ్చి, మోకాళ్లపై చేతులాన్చి నిలిచెను.

“ఎంతయింది సార్?”

“ఏడు నిమిషాల ఇరవై రెండు.”

ఏడు సెకనులు. వాడు ఫోను తీసికొనలేదు. నోట నీళ్లు పుక్కిలించి ఉమిసి, సున్నపు గీత వేసిన రాతివైపు తిరిగి నడచుచు, “ఇంకొక్కసారి ఉరుకుత, నొక్కుండ్రి” అనెను.