రిజర్వులో పడిన చరిత్ర

"బండి రిజర్వులో పడింది" అనే మాట ఇంకో పదేళ్ళు పోతే నిఘంటువులో వెతుక్కోవాలేమో! చైతన్యపురి దాటగానే బండి రెండుసార్లు దగ్గి ఆగబోతుంది. తల దించకుండానే ఎడమ చెయ్యి మోకాలి దగ్గరికి పోయి ఓ చిన్న పిడి తిప్పుతుంది, బండి మళ్ళీ అందుకుంటుంది. ఆ పిడే పెట్రోల్ కాక్. దానికీ ఓ చరిత్ర ఉంది, ఆ చరిత్రకి కాస్త పెట్రోల్ వాసన కూడా ఉంది.

రిజర్వు అంటే వేరే ట్యాంకు అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. కాదండీ. ఉన్నది ఒకే ట్యాంకు. కాక్ పైన ఒక గొట్టం ట్యాంకులోకి నిటారుగా నిలబడి ఉంటుంది. ఆన్‌లో ఉంటే పెట్రోల్ ఆ గొట్టం కొస నుంచి దిగుతుంది. మట్టం ఆ కొసకన్నా కిందికి పోతే సరఫరా బంద్. రిజర్వుకి తిప్పితే అడుగునున్న రంధ్రం తెరుచుకుంటుంది. పంపు లేదు, సెన్సార్ లేదు, ఉన్నదల్లా భూమ్యాకర్షణ. మన భాషలో చెప్పాలంటే, మీటరు లేకుండానే లో బ్యాటరీ హెచ్చరిక ఇచ్చే హార్డ్‌వేర్ ఇంటరప్ట్ అన్నమాట.

1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100 వచ్చాక ఈ పిడి మధ్యతరగతి ఇళ్ళలో గోడగడియారమంత మామూలు వస్తువైపోయింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక దిల్‌సుఖ్‌నగర్‌లో కోర్సులు నేర్చుకున్న మనవాళ్ళు అవే బళ్ళమీద ఊరికి ఆ చివరిదాకా ఉద్యోగాలకి పోయారు. రోజూ తిరిగే బండికి కాక్ పెద్దగా కారదు.

అసలు కథ తర్వాత మొదలైంది. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్.బి.నగర్ దాకా వచ్చింది, 2019 మార్చిలో హైటెక్ సిటీకి చేరింది. 2020లో లాక్‌డౌను. నాన్నగారి బండి సెల్లార్‌లో ఓ మూలకి చేరింది. కాక్ లోపల నాలుగు చిల్లులున్న చిన్న రబ్బరు సీల్ ఉంటుంది. పెట్రోల్‌లో నానినంతకాలం అది మెత్తగా ఉంటుంది. ట్యాంకు ఎండిపోయి నెలలు గడిస్తే బిగుసుకుని, ముడుచుకుని, పగుళ్ళిస్తుంది. మళ్ళీ పెట్రోల్ పోసిన రోజున పిడి చుట్టూ చెమ్మ!

దీనికితోడు పెట్రోలూ మారింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా 9 రాష్ట్రాల్లో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలుపెట్టారు. దేశం మొత్తమ్మీద అది 2022కి 10 శాతం, 2025కి 20 శాతం అయింది. కొన్ని పాతబళ్ళలో రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. ఇథనాల్ ఒక్కటే దోషి అని నేననను, పాతికేళ్ళ రబ్బరుకి వయసే పెద్ద జబ్బు.

మా కొత్తపేట మెకానిక్‌ని అడిగితే "సీల్ ఒక్కటే దొరకదు సార్, మొత్తం కాకే మార్చుకోవాలె" అన్నాడు. సగం నిజం. పిడి దగ్గర పట్టీకి రెండు చిన్న స్క్రూలుంటే విప్పి సీల్ మార్చొచ్చు. రివెట్ కొట్టినదైతే కాక్ మొత్తం మార్చక తప్పదు. పిడి దగ్గర కాకుండా ట్యాంకుకి ఆనే చోట కారుతుంటే ఓ-రింగ్ మారిస్తే చాలు. ఆఫ్‌లో పెట్టినా పైపులోంచి కారుతుంటే మాత్రం అశ్రద్ధ చెయ్యకండి. కార్బురేటర్ నీడిల్ కూడా అరిగి ఉంటే పెట్రోల్ సిలిండర్లోకి దిగి ఇంజనాయిల్‌ని పల్చన చేసేస్తుంది.

సబ్బు రాయడం మన పాత చిట్కా. పెట్రోల్‌లో సబ్బు కరగదు కాబట్టి షెడ్డుదాకా పోవడానికి పనికొస్తుంది, అంతే. సిలికాన్ పూతల జోలికి మాత్రం పోకండి. పెట్రోల్‌కి ఉబ్బి, ఊడి, ఆ ముక్కలే జెట్‌కి అడ్డం పడతాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లు చూడండి. కరెంటు మీటర్లు అక్కడే, బోరు మోటారు స్టార్టరూ అక్కడే, ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ల చార్జింగూ అక్కడే. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోదు, సెల్లార్ నేలమీద పరుచుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే రిపేరు కూడా ఆరుబయట, ఇంజను చల్లారాక, ట్యాంకు ఖాళీ చేసే చెయ్యాలి. బిగించాక కొంచెం పెట్రోల్ పోసి, ఆఫ్‌లో గంటసేపు ఉంచి, కింద కాగితం పరిచి చూడండి.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక దాదాపు అన్ని కొత్త బళ్ళకీ ఇంజెక్షనే. ట్యాంకులోనే పంపు, కాక్‌తో పని లేదు. కానీ చరిత్ర ఒక తేదీతో ఆగిపోదు కదా! పాత బళ్ళు మన కాళ్ళకిందే, సెల్లార్‌లోనే ఉన్నాయి. అమ్మేస్తారో, బాగుచేసి నడుపుతారో మీ ఇష్టం. మూలన పెట్టి మర్చిపోవడం మాత్రం వద్దు. ఈ ఆదివారం కిందికెళ్ళి ఓసారి కాక్ చుట్టూ వేలు పెట్టి చూడండి. వేలికి తడి తగిలితే ఆ పని సోమవారానికి వాయిదా వెయ్యకండి.