అకాడమీల నుండి విశ్వవిద్యాలయం దాకా

విద్యాసంస్థల పునర్వ్యవస్థీకరణ అనగానే మనకు ప్రభుత్వ ఉత్తర్వులు, కొత్త పేర్లు, భవనాలు గుర్తుకు వస్తాయి. ఆ సంస్థలలో పాఠం చెప్పేవారు, గ్రంథాలు పరిష్కరించేవారు చరిత్రలో ఒక మూలకు ఒదిగిపోతారు. తెలుగు విశ్వవిద్యాలయం కథను ఆ మూలన నిలబడి చూడాలని నా కోరిక.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1957లో ఏర్పడింది. బెజవాడ గోపాలరెడ్డి గారు అధ్యక్షులుగా, దేవులపల్లి రామానుజరావు గారు కార్యదర్శిగా దానిని నడిపారు. పీఠికలతో ఆ సంస్థ ప్రచురించిన ప్రాచీన కావ్యాలు నావంటి పల్లెటూరి తెలుగు పండితునికి కూడా అందుబాటులో ఉండేవి. వాటిని చేతపట్టుకొనే నేను ఏళ్ల తరబడి పద్యపాఠాలు చెప్పాను. సంగీత నాటక, నృత్య, లలితకళా అకాడమీలు వేటికవిగా పనిచేసేవి. తెలుగు భాషా సమితి విజ్ఞాన సర్వస్వ సంపుటాలను వెలువరించింది. 1975 నాటి తొలి ప్రపంచ తెలుగు మహాసభల ఫలంగా అంతర్జాతీయ తెలుగు సంస్థ వెలసింది.

1983లో నందమూరి తారక రామారావు గారి ప్రభుత్వం అకాడమీలను రద్దు చేసింది. 1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయం అవతరించింది. పై సంస్థల బాధ్యతలన్నీ దానికే సంక్రమించాయి. ఆచార్య తూమాటి దొణప్ప గారు తొలి ఉపాధ్యక్షులు.

వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, దీనిని ద్వంద్వ సమాసమని అందరూ భావించారు. ద్వంద్వంలో రెండు పదాల అర్థానికీ ప్రాధాన్యం ఉంటుంది. కాని క్రమంగా అది తత్పురుషగా మారింది. ఉత్తరపదమైన విశ్వవిద్యాలయానిదే పెత్తనమయింది. అకాడమీ పని గ్రంథ పరిష్కరణ, ప్రచురణ, కళాపోషణ. విశ్వవిద్యాలయం పని బోధన, పరీక్షలు, పట్టాలు. రెండూ ఒకే ఆచార్యుని భుజాల మీద పడ్డప్పుడు గడువున్న పనే ముందు జరుగుతుంది. పరీక్షకు తేదీ ఉంటుంది. తాళపత్ర ప్రతుల పాఠభేదాలకు తేదీ ఉండదు.

మేలు జరగలేదని నేననను. రాజమహేంద్రవరంలో సాహిత్యానికి, శ్రీశైలంలో చరిత్ర పురావస్తు శాస్త్రాలకు, వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞానానికి పీఠాలు ఏర్పడ్డాయి. జానపదం ఉన్నత విద్యలో తనకంటూ ఒక పీఠం సంపాదించుకోవడం చిన్న విషయం కాదు. దూరవిద్య ద్వారా ఉద్యోగం చేసుకుంటూనే పై చదువు చదివిన పండితులు ఎందరో ఉన్నారు.

అసలు చిక్కు అర్హతల దగ్గర వచ్చింది. 1912లో కట్టమంచి రామలింగారెడ్డి గారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి పాండిత్యాన్ని గుర్తించి మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితునిగా ప్రవేశపెట్టారు. శర్మగారు అక్కడ 1949 వరకు బోధించారు. పాండిత్యాన్ని పాండిత్యమే గుర్తించిన కాలమది. 1991 నాటి యు.జి.సి. నిబంధనలు అధ్యాపక పదవికి నెట్ వంటి పరీక్షను అర్హతగా నిర్దేశించాయి. 2010 నుండి వ్యాసానికింత, పుస్తకానికింత, సదస్సుకింత అని పాయింట్ల లెక్క వచ్చింది. అర్హులను ఎంచడానికి ఏదో ఒక కొలత కావాలి, నిజమే. కాని కూచిపూడిలో తండ్రి దగ్గరా తాత దగ్గరా యక్షగానం నేర్చిన గురువును ఏ పాయింట్లతో కొలుస్తాం? సంగీత నాట్యాలలో సంప్రదాయ కళాకారులకు ఆ నిబంధనలే కొంత వెసులుబాటు ఇచ్చాయి. పదేళ్లు ఒకే కావ్యాన్ని పరిష్కరించే పండితునికి అటువంటి తోవ కనబడదు.

2014లో రాష్ట్ర విభజన జరిగింది. సమాసానికి విగ్రహవాక్యం చెప్పవలసి వచ్చింది. విశ్వవిద్యాలయం పునర్వ్యవస్థీకరణ చట్టంలోని పదవ షెడ్యూలులో చేరింది. కేంద్రస్థానం హైదరాబాదు తెలంగాణలో. రాజమహేంద్రవరం, శ్రీశైలం, కూచిపూడి పీఠాలు ఆంధ్రప్రదేశ్‌లో. బోధించేది ఒక రాష్ట్రంలో, పాలనాకేంద్రం మరొక రాష్ట్రంలో. ఆస్తుల పంపకం గురించి రెండు ప్రభుత్వాలూ వాదించుకున్నాయి. ఆ పీఠాలలో పనిచేసే ఆచార్యులు ఎవరికి చెప్పుకోవాలన్న ప్రశ్న పత్రికల మొదటి పుటలకు ఎక్కలేదు.

1998లో పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టుకున్న ఈ సంస్థకు 2025లో తెలంగాణ ప్రభుత్వం సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టింది. ఇద్దరూ చిరస్మరణీయులే. సురవరం వారి పేరు మీద ఉన్న విద్యాలయంలో ఆయన చేసినటువంటి పరిశోధనకు తీరికా, ఆదరణా ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు గదా! 1983లో అకాడమీని వద్దనుకున్న గడ్డమీదనే, 2017లో తెలంగాణ సాహిత్య అకాడమీ మళ్లీ వెలసింది. విలీనంలో ఏదో జారిపోయిందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

సంస్థలను కలపవచ్చు, విడదీయవచ్చు. అది ఏలినవారి అధికారం. అయితే ఉత్తర్వు రాసేముందు, ఆ గదిలో కూర్చొని పనిచేసే పండితుని పని ఏమిటో ఒకసారి అడిగి తెలుసుకోవాలి. పేరు మార్చడానికి ఒక దినం చాలు. ఒక పరిష్కర్త తయారు కావడానికి ఒక జీవితం పడుతుంది.