పిలుపు, పరీక్ష, నిర్ణయం: అజరయ్య జీవితంలో, డోర్నకల్ క్రైస్తవ సమాజంలో పెద్దలు, యువకులు

ఉపోద్ఘాతం

'పిలుపు' తెలుగువారి నిత్యవ్యవహారంలోని మాట. పెళ్లికి, పేరంటానికి పిలుపు ఉంటుంది. దొర గడీ నుంచి వెట్టివానికి వచ్చేదీ పిలుపే. మొదటిది గౌరవసూచకం, రెండవది కాదనడానికి వీలులేని ఆజ్ఞ. 'పిలుచు' ధాతువు నుంచి ఏర్పడిన ఈ నామానికి తెలుగు బైబిలు అనువాదాల ద్వారా మూడవ అర్థం చేరింది. దైవం ఒక వ్యక్తిని ఒక పనికి ఏర్పరచుకోవడం, ఆ ఎరుకతో ఆ వ్యక్తి తన జీవితాన్ని ఆ పనికి అప్పగించుకోవడం అనేది ఆ అర్థం. 'పరిచర్య'కు పూనుకున్న ప్రతివారినీ క్రైస్తవ సంఘాలు ఈ మాటతోనే ప్రశ్నిస్తాయి.

ఈ పిలుపును గుర్తించవలసినది ఎవరు? విన్న యువకుడా, అతనికి పెద్దగా ఉన్న గురువా, ఇద్దరూ సభ్యులుగా ఉన్న సంఘమా? పెద్దకూ యువకునికీ మధ్య జాతి, కులం, అధికారం అడ్డుగా ఉన్నప్పుడు వారు కలిసి నిర్ణయించారనడం ఎంతవరకు సమంజసం? వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874–1945) జీవితాన్నీ, ఆయన అధ్యక్షుడుగా పనిచేసిన డోర్నకల్ క్రైస్తవ సమాజాన్నీ ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఏలీ, సమూయేలు: ఒక ఆదర్శ కథ

క్రైస్తవ సంప్రదాయంలో పిలుపును గురించిన చర్చ తరచుగా సమూయేలు మొదటి గ్రంథంలోని ఒక కథ దగ్గర మొదలవుతుంది. దేవాలయంలో పడుకున్న బాలుడు సమూయేలుకు రాత్రివేళ తన పేరు వినిపిస్తుంది. వృద్ధ యాజకుడైన ఏలీ పిలిచాడనుకొని అతని వద్దకు పరుగెత్తుతాడు. ఇలా మూడుసార్లు జరిగిన తర్వాత, ఆ పిలుపు తనది కాదని ఏలీ గ్రహించి, ఈసారి ఎలా బదులు పలకాలో బాలునికి నేర్పుతాడు.

ఈ కథలో పిలుపు విన్నవాడు బాలుడు. అది ఎవరిదో తెలిసినవాడు వృద్ధుడు. ఒకరు లేకుండా మరొకరికి అది బోధపడదు. కథ అక్కడితో ముగియదు. బాలుడు విన్న సందేశం ఏలీ వంశానికే ప్రతికూలమైనది. తెల్లవారిన తర్వాత ఏలీ దానిని దాచవద్దని బాలుణ్ణి అడిగి, విని, అంగీకరిస్తాడు. యువకునికి దారి చూపిన పెద్ద, ఆ యువకుని నోట తనకు నచ్చని మాట వినడానికి కూడా సిద్ధపడాలన్నది ఇందులోని అంతరార్థం. అజరయ్య చరిత్రను పరిశీలించడానికి ఈ కథ తగిన కొలమానం. అతని తల్లిదండ్రులు హన్నా మొక్కును తలచుకొని బిడ్డకు శామ్యూల్ అని పేరు పెట్టుకోవడం ఆ సంబంధాన్ని మరింత దగ్గర చేస్తుంది.

మద్రాసు యువజన సంఘం: స్నేహితుల మధ్య పరీక్ష

అజరయ్య తిరునల్వేలి జిల్లాలోని వెళ్లాళన్‌విళైలో నాడార్ కుటుంబంలో జన్మించాడు. తండ్రి థామస్ వేదనాయగం గ్రామ సంఘానికి గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన అజరయ్య అనారోగ్యం వల్ల పట్టం పొందలేకపోయాడు. 1895లో, ఇరవై ఒక్క సంవత్సరాల వయసులో, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరాడు. 1890లో మద్రాసులో డేవిడ్ మెకానొహి స్థాపించిన ఆ యువజన సంఘం దక్షిణాది పట్టణాలలోని విద్యార్థులను ఒకచోట చేర్చింది.

1896లో అమెరికా నుంచి వచ్చిన షెర్‌వుడ్ ఎడ్డీ అజరయ్యకు సహచరుడయ్యాడు. ఎడ్డీ అతనికంటె మూడు సంవత్సరాలు మాత్రమే పెద్ద. ఇద్దరూ కలిసి ప్రయాణాలు చేశారు, విద్యార్థి సభలు నడిపారు. పాలకజాతికి చెందిన మిషనరీకీ అతని కింద పనిచేసే ఉపదేశికీ మధ్య నాడు సాధారణంగా కనిపించే దూరం ఇక్కడ చాలావరకు తగ్గింది. పిలుపును గురించిన సంభాషణ సమవయస్కుల మధ్య మొదలుకావడం అజరయ్య చరిత్రలో గమనింపదగిన అంశం.

1902లో యాళ్పాణం పర్యటన ఈ సంభాషణకు కొత్త దిశ చూపింది. అక్కడి తమిళ క్రైస్తవులు తమ ఖర్చుతో తామే ప్రచారకులను పంపుతున్నారు. వారికంటె ఎంతో పెద్దదైన తిరునల్వేలి సంఘం ఆ పని ఎందుకు చేయడం లేదన్న ప్రశ్న అజరయ్యను వదలలేదు. ఫలితంగా 1903 ఫిబ్రవరి 12న పాలయంకోటలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. మనుషులు, ధనం, నిర్వహణ భారతీయులవే కావాలన్నది దాని నియమం. 1905 డిసెంబరు 25న సిరాంపూరులో, కేరీ పేరుతో ముడిపడిన గ్రంథాలయంలో, నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించినవారిలో కూడా అజరయ్య ప్రముఖుడు. వంగదేశంలో స్వదేశీ ఉద్యమం ఊపందుకున్న సంవత్సరం అదే కావడం ఆనాటి విద్యావంతులైన యువకుల మనఃస్థితిని సూచిస్తుంది.

తిరునల్వేలి సంఘం తన కార్యక్షేత్రంగా నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాన్ని ఎంచుకుంది. 1904లో మానుకోట (నేటి మహబూబాబాద్) పరిసరాలలో పని మొదలైంది. తర్వాత సింగరేణి గనుల మార్గం చీలే రైల్వే కూడలి డోర్నకల్ కేంద్రమైంది. తమిళ యువకులు తెలుగు నేర్చుకొని, తమకు తెలియని పల్లెలలో స్థిరపడ్డారు. వారిని పంపినవాడు మాత్రం ఇంకా మద్రాసులోనే ఉన్నాడు. ఇతరులను పిలుపు వినమని అడిగే వ్యక్తి దానిని తనకు వర్తింపజేసుకోకపోతే ఆ మాటకు బలం చాలదు. 1909లో, ముప్పై అయిదవ ఏట, అజరయ్య వై.ఎం.సి.ఎ. పదవి వదలి, గురుత్వాభిషేకం పొంది, డోర్నకల్ చేరాడు. అప్పటికి అతనికి తెలుగు కొత్త భాష.

వైట్‌హెడ్, అజరయ్య: అధికారం నీడలో

ఈ నిర్ణయంలో మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పాత్ర ప్రధానమైనది. గ్రామాలలోని అణగారిన వర్గాల మధ్యనే భారతదేశపు సంఘం భవిష్యత్తు ఉన్నదని నమ్మిన వైట్‌హెడ్, ఆ సంఘానికి భారతీయుడే అధ్యక్షుడు కావాలని వాదించాడు. బిషప్ భార్య ఇసబెల్ వైట్‌హెడ్ కూడా అజరయ్యను ప్రోత్సహించింది.

అధ్యక్షపదవి ప్రతిపాదనకు వ్యతిరేకత రెండు వైపుల నుంచి వచ్చింది. ఒక భారతీయుని అధికారం కింద పనిచేయడానికి కొందరు ఐరోపా మిషనరీలు ఇష్టపడలేదు. తిరునల్వేలి క్రైస్తవులలోనూ కొందరు దీనిని అంగీకరించలేదు. కనుక అజరయ్య పిలుపును ఒక పెద్దా ఒక యువకుడూ ఏకాంతంలో తేల్చుకోలేదు. దానికి బహిరంగ పరీక్ష జరిగింది. చివరకు 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు.

దీనికి రెండేళ్ల ముందు జరిగిన ఒక ఘట్టం ఈ చరిత్రకు కీలకం. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీ, స్వదేశీ పనివారల సహకారం అన్న అంశంపై మాట్లాడుతూ అజరయ్య మిషనరీల ఆధిపత్య ధోరణిని సూటిగా విమర్శించాడు. వారి త్యాగాన్ని, దాతృత్వాన్ని మెచ్చుకుంటూనే, తమకు అంతకంటె కావలసినది స్నేహమని ముగించాడు. సభలో అసంతృప్తి వ్యక్తమైంది.  విమర్శ తర్వాత కూడా వైట్‌హెడ్ తన ప్రతిపాదనను ఉపసంహరించుకోలేదు. ఏలీ కథలోని రెండవ భాగం ఇక్కడ నెరవేరింది. అయితే ఈ సంబంధంలో చివరి మాట చెప్పే అధికారం తెల్లజాతి అధ్యక్షుల చేతిలోనే ఉందన్నది కూడా మరువరాదు. అజరయ్య కోరిన స్నేహం ఆ లోటును ఎత్తిచూపడానికే.

డోర్నకల్ పల్లెలు: కులవృత్తి నుంచి పరిచర్యకు

అధ్యక్షుడైన తర్వాత అజరయ్య ఏలీ స్థానంలోకి వచ్చాడు. ఎదుట ఉన్న యువకులు అధికంగా మాల, మాదిగ కుటుంబాలవారు. కులవృత్తికి మించినది లేదన్న భావం లోకోక్తిగా నిలిచిన సమాజంలో వారి పని పుట్టుకతోనే నిర్ణయమై ఉండేది. వెట్టిచాకిరీలో 'పిలుపు' అంటే లేచి వెళ్లడమే, ఆలోచించుకునే అవకాశం లేదు. అలాంటి యువకుణ్ణి కూర్చోబెట్టి, 'నీవు ఏ పనికి ఏర్పడినవాడవు?' అని అడగడమే ఆ రోజులలో కొత్త. ఒకే మాట దాస్యాన్నీ స్వేచ్ఛనూ సూచించగలగడం ఈ చరిత్రలోని భాషాపరమైన విశేషం.

ఇక్కడ నిర్ణయం వ్యక్తికి మాత్రమే పరిమితం కాలేదు. క్రైస్తవంలో చేరడం కూడా పల్లె పెద్దలు కలిసి మాట్లాడుకొని, కుటుంబాలకు కుటుంబాలుగా జరిగేది. ఇలాంటి సామూహిక నిర్ణయంలో వ్యక్తిగత విశ్వాసం ఎంత అన్న విమర్శ నాడే బయలుదేరింది. 1930 దశకంలో గాంధీజీ అణగారిన వర్గాల మతమార్పిడులను తీవ్రంగా ప్రశ్నించాడు. అజరయ్య వాటిని సమర్థించాడు. గ్రామస్థులకు తమ మేలు తాము ఎరిగే వివేకం ఉన్నదా లేదా అన్నది ఆ వివాదంలో అంతర్లీనంగా ఉన్న ప్రశ్న.

డోర్నకల్ శిక్షణ ఈ ప్రశ్నకు ఆచరణలో ఒక సమాధానం. గ్రామ ఉపాధ్యాయులుగా, గురువులుగా రాదలచినవారు భార్యాబిడ్డలతో అక్కడికి వచ్చి నివసించేవారు. భార్యలకూ చదువు చెప్పేవారు. గ్రంథపఠనంతోపాటు పొలం పని, ఇంటి పని శిక్షణలో భాగం. పల్లె జీవనానికి దూరమైనవాడు పల్లెకు కాపరి కాలేడన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. తినడం, పని చేయడం, ప్రార్థించడం కలిసి సాగే చోట ఒక యువకుని యోగ్యత మాటలలో కాక నడవడిలో తెలుస్తుంది. మాల, మాదిగ కుటుంబాల మధ్య ఉన్న అంతరాలు కూడా అక్కడే బయటపడేవి. ఏటేటా జరిగిన సాక్ష్యవారంలో సంఘసభ్యులందరూ పొరుగు గ్రామాలకు వెళ్లేవారు. పిలుపు గురువుల సొత్తు కాదని ఈ కార్యక్రమం చాటింది.

పరిమితులు లేకపోలేదు. అజరయ్య పెద్దరికం గట్టిది. క్రమశిక్షణ విషయంలో రాజీ తక్కువ. తెల్ల అధ్యక్షునికీ తమిళ యువకునికీ మధ్య ఉన్న అసమానత, తమిళ అధ్యక్షునికీ తెలుగు పల్లె యువకునికీ మధ్య మరో రూపంలో కొనసాగింది. ఎడిన్‌బరోలో అజరయ్య మాట్లాడినట్లు డోర్నకల్‌లో మాట్లాడగలిగిన పల్లె ఉపాధ్యాయుల స్వరం మిషనరీ నివేదికలలో అరుదు. భార్యలు శిక్షణ పొందినా వారికి గురుత్వం లభించలేదు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన చాలాకాలానికి గానీ స్త్రీల అభిషేకం మొదలు కాలేదు. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల అధ్యక్షురాలై ఆ సంఘంలో తొలి మహిళా బిషప్‌గా నిలవడం, ఒక శతాబ్దం పూర్వం అజరయ్య విషయంలో ఎదురైన ప్రశ్నకు కొనసాగింపే.

ముగింపు

అజరయ్య చరిత్రలో పిలుపును గుర్తించే ప్రక్రియ మూడు దశలలో కనిపిస్తుంది. మద్రాసులో అది స్నేహితుల సంభాషణ. వైట్‌హెడ్ విషయంలో అది అధికారం ఉన్న పెద్ద చూపిన నమ్మకం. డోర్నకల్‌లో అది కలిసి బతకడం ద్వారా సంఘం జరిపిన పరీక్ష. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మిగిలినవాటి స్థానాన్ని భర్తీ చేయలేదు. స్నేహం ప్రశ్నను పుట్టించింది. పెద్దరికం తలుపు తెరిచింది. సంఘజీవనం నిగ్గు తేల్చింది.

పెద్దలు యువకులతో కలిసి నిర్ణయించారా, యువకుల కోసం నిర్ణయించారా అన్నది తేల్చే గుర్తు ఒక్కటే. పిలుపు విన్నవాని మాట తమకు ప్రతికూలమైనప్పుడు పెద్దలు ఏం చేశారు? 1910లో వైట్‌హెడ్ ఆ పరీక్షలో నిలిచాడు. డోర్నకల్ పల్లెలలో ఆ పరీక్ష ఎంత తరచుగా జరిగిందో తేల్చవలసిన ఆధారాలు అధ్యక్షుల లేఖలలో కంటె గ్రామ సంఘాల మినిట్స్ పుస్తకాలలో, కుటుంబాల మౌఖిక కథనాలలో, పల్లె ఉపాధ్యాయులు రాసుకున్న తెలుగు రాతలలో వెతకవలసి ఉంటుంది. ఆ రాతల సేకరణ తెలుగు సాహిత్య చరిత్రకూ అవసరమే. పుట్టుకతో పని నిర్ణయమైన వర్గాలవారు తమ పనిని తామే ఎన్నుకున్న అనుభవాన్ని తమ సొంత తెలుగులో చెప్పుకున్న తొలి సందర్భాలలో అవి కొన్ని.