ముత్తాత ఊరు చెప్పే ఓడ జాబితా

మారిషస్‌లోని భారత సంతతివారిలో ఏడో తరం వరకూ ఓసీఐ కార్డుకు అర్హులని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అక్కడి పర్యటనలో ప్రకటించారు. దాంతో ముత్తాతల ఊరేదో తెలుసుకోవడం కొన్ని కుటుంబాలకు కాగితాల అవసరంగానూ మారింది. చాలా ఇళ్లలో మిగిలింది మాత్రం 'విశాఖపట్నం వైపు నుంచి వచ్చామట' అన్న మాటే.

వెతుకులాటకు అసలు తాళంచెవి ఇంటిపేరు కాదు, కూలీకి వలస అధికారులు ఇచ్చిన నంబరు. తండ్రి పేరో కులం పేరో తర్వాతి తరాలకు ఇంటిపేరై కూర్చున్న సందర్భాలు ఎన్నో. అందుకే పాత జనన, వివాహ పత్రాల్లో ముందు ఆ నంబరు కోసం చూడాలి.

మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. కొందరి ఫొటోలు కూడా దొరుకుతాయి. దక్షిణాఫ్రికాకు మద్రాసు నుంచి తొలి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు నాటల్‌కు వెళ్లిన 1,52,184 మంది వివరాలను ఓడల జాబితాల్లో రాశారు: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తులు. ఫిజీకి మద్రాసు నుంచి వలస 1903లో మొదలైంది. ఆ పాసులకు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌ను అడగాలి.

చిక్కంతా ఊరి పేరు దగ్గరే. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లిషులో రాశాడు. 'చికాకోల్' అంటే శ్రీకాకుళం, 'కోకనాడ' అంటే కాకినాడ. జిల్లా 'గంజాం' అని కనబడగానే ఒడిశా అనుకోవద్దు. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు ఆ జిల్లాలోవే. ఊరి పేరును కళ్లతో చదివితే తెలియదు, తెలుగు తెలిసినవారు పైకి పలికి చూస్తే తడుతుంది.

ఊరు తెలిశాక భూమి రికార్డులపై పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఉత్తరాంధ్రలో ఎక్కువ భాగం జమీందారీ. పైగా ఓడెక్కినవారిలో చాలామందికి సెంటు భూమి లేదు. ఊళ్లోని పెద్దవాళ్లను అడగడమే దారి.

బర్మా వెళ్లినవారి వారసులకు ఈ పాటి ఆధారమూ లేదు. అక్కడికి మేస్త్రీల ద్వారానో సొంతంగానో వెళ్లారు. మనిషి మనిషికీ ఇలాంటి పాసు రాసిన పద్ధతి లేదు. ఇంట్లోని ఉత్తరాలే వారి రికార్డు.